పాతవస్తువుల బేరము

పండుగకు ముందు ఇల్లు దులుపునప్పుడు అటుకమీది సామానంతయు ఒకమాఱు క్రిందికి దిగును. తాతలనాటి గంగాళము, మూత పోయిన మరచెంబు, కోడు విఱిగిన మంచము, పిల్లలు చదివి విడిచిన పుస్తకములు, తిరుగుట మానిన ఫ్యాను, ఇవన్నియు నడవలో చేరి, ఇంటివారందఱిచేత తలకొకమాట అనిపించుకొని, తుదకు సగము మఱల అటుక యెక్కును, సగము వీథిలో కేకవేయు పాతసామానులవాని త్రాసులోనికి పోవును. ఇట్లే మఱియొక యింట వాడి విడిచిన బీరువాయో, సెల్‌ఫోనో, స్కూటరో సగము వెలకు మన యింట ప్రవేశించును. ఈ రాకపోకలను మనము స్వల్పవిషయములుగా నెంచుచున్నాము. కాని యీ బేరములందు ధనము మాత్రమే కాక, గృహిణియొక్క స్వత్వమును, గృహస్థుని పేరును, ఒక్కొక్కయెడ కుటుంబమర్యాదయు ఇమిడియున్నవి.

క్రొత్తవస్తువును కొన్నవారు వస్తువును మాత్రమే కొందురు. పాతదానిని కొన్నవారు దాని పూర్వచరిత్రను గూడ కొందురు. అట్లే అమ్మినవారు, వస్తువు గడప దాటినతోడనే తమకు దానితో సంబంధము తీఱినదని తలంతురు. కాని వారి పేరు దాని వెంట కొంతదూరము నడచుచునే యుండును. కావున కొనునపుడు "ఇది ఎవరిది?" యనియు, అమ్మునపుడు "నా పేరు దీనినుండి తొలగినదా?" యనియు ప్రశ్నించుకొనుట ప్రథమకర్తవ్యము. వెలను గూర్చిన విచారము తరువాతిది.

ఇతరులు వాడినదానిని కొనుట తక్కువతనమను భావము కొందఱికి గలదు. పరులు ధరించిన పాదరక్షలను, వస్త్రములను, ఆభరణములను, పూలమాలలను ధరింపరాదని మనుస్మృతి చెప్పిన మాట నిజమే. కాని యా స్మృతియే మఱియొకచోట రాగి, ఇనుము, కంచు, ఇత్తడి మొదలగు లోహములకు క్షారముచేతను, పులుపుచేతను, నీటిచేతను శుద్ధి విధించినది. బూడిదయు చింతపండును చేతబట్టి నూతిగట్టున గిన్నెలు తోమిన మన పెద్దమ్మలు ఆ విధినే యాచరించిరి. శుద్ధి చేయదగినదా, కాదా యనునదే యిందలి విచారణ. ఉతికి, మఱగునీట ముంచి, ఎండలో ఆరవేయదగిన వస్త్రమునకు నేడు దోషమేమియు లేదు. లోపలివఱకు శుభ్రపఱుపరాని పరుపులు, దిండ్లు మాత్రము ఎంత చవుకగా వచ్చినను విడిచిపెట్టుటయే మేలు.

పూర్వచరిత్ర నెఱుగక కొన్న నగ యెంతటివానినైనను ఎట్లు కూల్చునో చూడవలెనన్నచో ముద్రారాక్షస నాటకమును స్మరింపవలెను. రాక్షసమంత్రి మహాబుద్ధిశాలి. ఒకనాడు వర్తకవేషములో వచ్చినవారు మూడు ఆభరణములను అమ్మజూపగా, తగిన వెలయిచ్చి కొనుడని ఆయన సెలవిచ్చెను. అవి చనిపోయిన పర్వతకరాజు నగలనియు, వానిని పంపినవాడు చాణక్యుడనియు ఆయన యెఱుగడు. కొంతకాలమునకు వానిలో నొకదానిని ధరించి పర్వతకుని కుమారుడైన మలయకేతువు కడకు పోయెను. తండ్రి నగను కుమారుడు గుర్తుపట్టెను. "వర్తకులవద్ద కొంటి" నని మంత్రి చెప్పిన మాట నమ్మువారు లేకపోయిరి. రాక్షసుని పతనమునకు వేఱు కారణములును గలవు గాని, ఆ నగయే ఆయన నోరు మూయించిన సాక్ష్యము. "ఇది మీ కెట్లు వచ్చినది?" యను నొక్కప్రశ్న ఆ బేరమునాడు అడిగియుండినచో కథ మఱియొక తీరున నడచియుండెడిదేమో!

మన ధర్మశాస్త్రములు వివాదములను పదునెనిమిది విధములుగా విభజించినవి. అందు 'అస్వామివిక్రయ' మనునది యొకటి. అనగా తనది కానిదానిని అమ్ముట. యాజ్ఞవల్క్యుని మతమున, తన సొమ్మును ఇతరుడు అమ్ముకొన్నచో, సొంతదారుడు దానిని కొన్నవాని చేతినుండి మఱల పుచ్చుకొనవచ్చును. అట్టి సొమ్ము కలిగియుండుటకు తగని దరిద్రునివద్ద, రహస్యముగా, మిక్కిలి తక్కువ వెలకు, వేళగాని వేళ కొన్నవాడు దొంగతో సమానుడు. అమ్మినవానిని చూపగలిగినచో మాత్రము కొన్నవాడు శుద్ధుడగును. సొమ్ము సొంతదారునకును, వెల కొన్నవానికిని చేరును. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరావ్యాఖ్యను 13వ శతాబ్దమున కేతనకవి తెనుగు చేసెను గనుక, ఈ ధర్మములు తెలుగువారికి ఏడువందల యేండ్లనుండి తమ భాషయందే లభించుచున్నవి.

నేటి చట్టమును దీనికి దూరము కాదు. 1930వ సంవత్సరపు సరకుల విక్రయచట్టము ననుసరించి, అమ్మినవానికి లేని హక్కు సామాన్యముగా కొన్నవానికి సంక్రమింపదు. దొంగసొత్తని తెలిసియో, తెలిసికొనుటకు తగిన కారణముండియో పుచ్చుకొన్నవారికి మూడేండ్లవఱకు కారాగారవాసము విధింపవచ్చునని భారతీయ న్యాయసంహిత 317వ విభాగము చెప్పుచున్నది. ఈ సంహిత 2024వ సంవత్సరము జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. "తెలిసికొనుటకు తగిన కారణము" అనుచోట యాజ్ఞవల్క్యుని నాలుగు గుర్తులే మనకు సాయపడును. ముప్పదివేల వెలగల సెల్‌ఫోనును, పెట్టెయు రసీదును లేకుండ, సందుమలుపున నిలిచి నాలుగువేలకే యిచ్చెదనను వానిని చూచినప్పుడు, లాభము కంటె ముందు ఆ గుర్తులు స్ఫురింపవలెను.

సెల్‌ఫోను విషయమున తెలిసికొను మార్గము సులభము. ఫోనులో *#06# అని నొక్కినచో పదునైదు అంకెల ఐఎంఈఐ సంఖ్య తెరపై కనబడును. అది పెట్టెమీదను, రసీదుమీదను ఉన్న సంఖ్యతో సరిపోవలెను. 2023వ సంవత్సరము మేనెలలో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన సంచార్ సాథీ యందు ఆ సంఖ్య నిచ్చి, ఆ ఫోను నిషేధింపబడినదో కాదో ముందుగా విచారించుకొనవచ్చును. ఏ వస్తువునైనను కొన్నప్పుడు అమ్మినవాని పేరు, చిరునామా, తేదీ, వెల వ్రాయించి చేవ్రాలు పుచ్చుకొనవలెను. అమ్మినవానిని చూపగలుగుటయే శుద్ధి యని స్మృతి చెప్పినదిగదా! ఆ చిన్న కాగితమే అట్టి సాక్ష్యము.

ఇక వస్తువు మంచిచెడ్డల మాట. మన పూర్వులు పరీక్షకు గడువులు సహితము ఏర్పఱచిరి. ఇనుమునకు ఒకదినము, పాడిపశువునకు మూడు, బరువుమోయు పశువునకు అయిదు, రత్నములకు ఏడు, విత్తనములకు పది దినములని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. కొని గాని అమ్మి గాని పశ్చాత్తాపపడినవారు పదిదినములలోపల వస్తువును తిరిగి యీయవచ్చును, పుచ్చుకొనవచ్చునని మనువు అనుమతించెను. నేడు ఇరుగుపొరుగు బేరములకు అట్టి గడువు దానంతట రాదు. ముందుగా మాటాడుకొని వ్రాసికొన్నచో వచ్చును. మిక్సీయో, కుట్టుయంత్రమో కొనునపుడు "వారము దినములు వాడి చూచెదము, పనిచేయనిచో తిరిగి యిచ్చెదము" అని యడుగుటకు సంకోచింపరాదు.

అమ్మువాడు లోపమును చెప్పక మౌనముగా నున్నచో అది మోసమగునా? ఈ ప్రశ్నకు 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము 17వ విభాగమున చక్కని దృష్టాంతములు గలవు. ఒకడు జబ్బుగుఱ్ఱమును వేలములో అమ్మి, దాని జబ్బును గూర్చి యేమియు పలుకకున్నచో అది మోసము గాదు. కాని కొన్నది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన తన కూతురే యైనచో, చెప్పుట అతనికి విధి. మఱియొక దృష్టాంతము మనకెంతయు ఉపయోగపడునది: కొనువాడు "నీవు కాదనవేని గుఱ్ఱము ఆరోగ్యముగా నున్నదనియే తలంతును" అని పలుకగా, అమ్మువాడు మాటాడక యూరకున్నచో, ఆ మౌనము "అవును" అని పలుకుటతో సమానము. కావున కొనునపుడు నోరు తెఱచి, సాక్షులయెదుట, "దీనికి మరమ్మతు లేమియు లేవనియే తీసికొనుచున్నాము" అని చెప్పుట మేలు. అమ్మునపుడు మాత్రము ఎదుటివారిని కూతురుగా భావించి చెప్పుట ధర్మము. చట్టము తండ్రికి విధించినదానిని గృహిణి యిరుగుపొరుగువారియెడ తనంతట పాటించినచో ఆమె కేమి కొఱత?

వంటయింటి పాత్రలలో కంచు రాగి తగరముల మేళనము. ఇత్తడి రాగి తుత్తునాగముల మేళనము. కంచు క్రిందపడినచో పగులును గనుక, కొనుటకు ముందు వ్రేలితో మీటి చూడవలెను. మంచి కంచు నిడివిగా మ్రోగును. చీలిక యున్నచో మందముగా పలికి ఆగిపోవును. పాత యిత్తడి గిన్నెను వంటకు తెచ్చినచో, లోపల తగరముతో కళాయి వేయించినగాని చింతపులుసు వంటివి కాచరాదు; పులుపు తగిలినచో చిలుమెక్కును. కఱ్ఱసామానును త్రిప్పి అడుగు చూడవలెను. సన్నని రంధ్రములును, వానిక్రింద పిండివలె రాలిన పొడియు ఉన్నచో, ఆ బల్లతోగూడ పురుగు మన ద్వారబంధములకు వచ్చును. పాత పట్టుచీరెల నమ్మువారు వాని జరీలో వెండి యుండుట మఱువరాదు. జీర్ణించిన చీరెను ఒక ప్లాస్టిక్ బుట్టకు మాఱుగా ఇచ్చివేయుటకు ముందు, జరీ తూకమున కొనువారిని ఇద్దఱు ముగ్గురిని అడిగి చూడవలెను. ఇనుము, ఇత్తడి, కాగితములు అమ్మునపుడు ముందుగా ఇంటనే తూచి యుంచుకొనవలెను. వర్తకుని త్రాసునకును రాళ్లకును అధికారుల ముద్ర యుండవలెనని 2009వ సంవత్సరపు తూనికలు కొలతల చట్టము శాసించుచున్నది. ఆ ముద్ర చూపుమని యడుగుట మన హక్కు.

బంగారముమాట ప్రత్యేకముగా చెప్పవలెను. నగ చేయించునాడు మనమిచ్చిన మజూరియు, తఱుగును అమ్మునాడు తిరిగి రావు. రాళ్లయొక్కయు, లోపలి లక్కయొక్కయు బరువు త్రోసివేయబడును. ఇరువదినాలుగు గ్రాముల నగలో రాళ్లు, లక్క కలిసి మూడు గ్రాములైనచో, నిలిచిన ఇరువదియొక్క గ్రాములు 22 క్యారెట్లదైనను, అందలి మేలిమి పందొమ్మిదిన్నర గ్రాములకు లోపే. నగమీద 916 అని యున్నచో నూటికి 91.6 పాళ్లు బంగారమని యర్థము; 750 అనునది 18 క్యారెట్లకు గుఱుతు. హాల్‌మార్కు నియమము 2021వ సంవత్సరము జూను 16వ తేదీనుండి కొన్ని జిల్లాలలో నిర్బంధమై క్రమముగా విస్తరించినది. 2023వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీనుండి, ఆ నియమమునకు లోబడిన వర్తకులు ఆఱు అక్షరముల గుర్తింపుసంఖ్య లేని నగను అమ్మరాదు. గృహస్థులు తమ పాతనగను ముద్ర లేకున్నను వర్తకునకు అమ్ముకొనవచ్చును. అట్టి సందర్భమున ఒక్క దుకాణపు గీటురాయిని నమ్ముకొనక, ప్రభుత్వగుర్తింపుగల పరీక్షాకేంద్రమున వన్నె చూపించుకొని పోయినచో, బేరమున మన మాట నిలుచును. నగను కరగించుటకు ముందు, రాళ్లు తీసినపిదప, కన్నులయెదుట తూచుమని కోరవలెను.

ఆ నగ యెవరిది? అస్వామివిక్రయము బజారునందే జరుగునని తలంపరాదు. అది మన యిండ్లలోను జరుగుచున్నది. పుట్టింటివారు పెట్టిన గాజులు, పెండ్లినాడు చదివించిన గొలుసు భార్యయొక్క స్త్రీధనము. కఱవు, ధర్మకార్యము, వ్యాధి, చెఱ యను నాలుగు ఆపదలందు భర్త దానిని వాడుకొన్నచో తిరిగి యీయనక్కఱలేదని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. ఆ నాలుగింటిలో జూదము లేదు, స్నేహితుని వ్యాపారము లేదు, ఆడుబిడ్డ పెండ్లిలో ఆడంబరము లేదు. స్త్రీధనము భార్యకే సంపూర్ణముగా చెందునని సుప్రీంకోర్టు 1985వ సంవత్సరమున తీర్పు చెప్పినది. కష్టకాలమున భర్త వాడుకొన్నను, దానినిగాని దాని విలువనుగాని భార్యకు తిరిగి చేర్చు నైతికబాధ్యత యాతనికి గలదని 2024వ సంవత్సరపు తీర్పులో పలికినది. ఈ యంశమున నేటి న్యాయస్థానము స్మృతికంటె మన పక్షమున ఎక్కువగా నిలిచినది. భార్యాభర్తలు కలిసి యాలోచించి, పిల్లల చదువునకో, వైద్యమునకో నగ నమ్ముట అన్యోన్యత. పెట్టెతీసి చూచునప్పటికి నగ లేకుండుట వేఱు. అమ్మకముకాగితమున వస్తువు యజమానురాలి పేరే యుండవలెనని పట్టుబట్టుట అవిశ్వాసము గాదు. ఆ న్యాయమునుబట్టియే, మగనికి ప్రియమైన పుస్తకములను ఆయన ఊరలేనప్పుడు తూకమునకు వేయు అధికారము మనకును లేదు.

పుస్తకములను అమ్మునపుడు ప్రతిదానిని తెఱచి చూడవలెను. పుటలనడుమ దస్తావేజులు, ఉత్తరములు దాచుట పెద్దలకు అలవాటు. మొదటి పుటయు, ముద్రించిన సంవత్సరమును చూచి, పాతముద్రణములను, వ్రాతప్రతులను వేఱుచేయవలెను. తాళపత్రములు చెదలపాలగుచున్న 19వ శతాబ్దమున బ్రౌనుదొర వానిని సేకరించి, పండితులచేత ప్రతులు వ్రాయింపకున్నచో, మన కావ్యములు కొన్ని యేమైపోయెడివో! మదరాసునందలి మూరుమార్కెట్టు పాతపుస్తకములకు పేరుపొంది, 1985వ సంవత్సరమున అగ్నికి ఆహుతియైనది. నేడు హైదరాబాదులో ఆదివారములందు ఆబిడ్సు కాలిబాటలపైనను, కోఠీలోను, విజయవాడలో లెనిన్ సెంటరు దుకాణములలోను పాతపుస్తకములకు ఆదరణ గలదు. కిలోలెక్కన పొట్లముల కాగితముగా పోవుటకంటె, చదువువాని చేతికి పోవుట పుస్తకమునకును మేలు, మనకును మేలు.

అమ్మినవారి పేరు వస్తువువెంట నడచునంటిని. దీనికి స్కూటరును మించిన నిదర్శనము లేదు. సొమ్ము పుచ్చుకొని తాళము చేతికిచ్చినంతమాత్రమున బండి మనది కాకుండ పోదు. రిజిస్ట్రేషనులో పేరు మాఱని కారణమున, పలుచేతులు మాఱిన బండివలన జరిగిన ప్రమాదమునకు మొదటి యజమానియే నష్టపరిహారమునకు బాధ్యుడని సుప్రీంకోర్టు 2018వ సంవత్సరమున తీర్పు చెప్పినది. రాష్ట్రములోనే అమ్మినచో పదునాలుగు దినములలోపల రవాణాధికారికి తెలుపవలెనని 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము విధించుచున్నది. 29, 30 సంఖ్యలుగల పత్రములు నింపి, పేరు మాఱినదని కన్నులార చూచినగాని బేరము ముగిసినదని యనుకొనరాదు. సెల్‌ఫోను నమ్మువారు చిత్తరువులను, ఉత్తరములను, బ్యాంకు వివరములను వేఱుచోట భద్రపఱచి, ఫోనునుండి పూర్తిగా తుడిచివేసి, సిమ్ము తీసి యీయవలెను. ప్రకటన చూచి దూరమునుండి ఫోనులో బేరమాడి, "సొమ్ము పంపుచున్నాము, ఈ చిత్రమును స్కాను చేసి మీ పిన్ను నొక్కుడు" అనువారు మోసగాండ్రు. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను నొక్కనక్కఱ లేదు. అది సొమ్ము పంపుటకే. మోసపోయినవారు జాగుచేయక 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను.

మఱియొక బేరము గలదు. దానిని బేరమని మనము గుర్తింపము. ఇంట పనిచేయు స్త్రీకి పాతచీరెయో, పాతకుక్కరో యిచ్చి, జీతములో నాలుగు రూపాయలు తగ్గించుట. ఆమె కాదనలేదు; బజారున వెల విచారింపను లేదు. దానముగా నిచ్చినచో దానముగానే యీయవలెను. అమ్మినచో ఆమె యిష్టపడిన పిమ్మట, లోపము చెప్పి, తగిన వెలకే యమ్మవలెను. జీతమునకు బదులుగా అటుకమీది సామాను దింపుట న్యాయము గాదు. వీథిలో బండి త్రోయువాడును రోజుకూలి సంపాదించు గృహస్థుడే. మనల తూకములో మోసగింపవలదని యతనిని కోరినట్లే, సీసాలలో నీరు నింపి, కాగితముల కట్టలో రాళ్లు కట్టి యతనిని మోసగింపకుండుట మన విధి.

కావున సోదరీమణులారా, ఒక చిన్నపుస్తకమును ఇంటియందుంచి, కొన్న వస్తువు, కొన్న తేదీ, వెల, అమ్మినవారి పేరు ఒకవైపునను, మనము అమ్మినది, ఎవరికి, ఎంతకు, పేరు మాఱిన తేదీ మఱియొకవైపునను వ్రాసికొనుడు. నగల పుట వేఱుగా నుండవలెను: ఏ నగ పుట్టింటిది, ఏది అత్తింటిది, తూకమెంత, రసీదెక్కడ నున్నది యని. రానున్న పండుగకు అటుక దులుపునప్పుడు ఆ పుస్తకము ప్రక్కన నుండునుగాక. కూతుళ్లకు లెక్కలు నేర్పునప్పుడు దానినే చూపి, ఒక పుట వారిచేతనే వ్రాయింపుడు.